పడిగె విప్పి, డోలు కొట్టి, కథ చెప్పి: సకిని రామచంద్రయ్య

మచ్చ బొల్లారంలో మా వీధి చివర ఒక మూడంతస్తుల ఇల్లుంది. దాని పైన రేకుల గదిలో మన ఏజెన్సీ పిల్లలు నలుగురు అద్దెకుంటారు. ఇద్దరు మేడ్చల్ రోడ్డు మీది కంపెనీల్లో పనిచేస్తారు. ఒకడు పోటీ పరీక్షలకు చదువుతున్నాడు. నాలుగోవాడు మణుగూరు వైపు కోయ పిల్లవాడు, సికింద్రాబాద్‌లో మల్టీమీడియా కోర్సు నేర్చుకుంటున్నాడు. ఒక ఆదివారం వాడు కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఒక సమకాలీన మల్టీమీడియా కళాకారుడి జీవితం, కృషి గురించి వ్యాసం రాసుకురమ్మని వాళ్ల ఇన్‌స్టిట్యూట్‌లో చెప్పారట. ఇంటర్నెట్‌లో వెతికి అమెరికా, యూరప్ పేర్లు అయిదారు రాసుకున్నాడు.

"సార్, మనోళ్లల్ల ఇట్లాంటి ఆర్టిస్టులు ఎవరన్న ఉన్నరా? మన దగ్గర డ్యాన్సులు, పాటలేనాయె" అన్నాడు.

వాడు ఎగతాళిగా అనలేదు. నిజంగానే అట్లా అనుకుంటున్నాడు. మూడో తరగతి నుంచి హాస్టల్లో పెరిగిన పిల్లవాడు. వాడి ఊరికి దగ్గరలోనే ఉన్న ఒక పెద్ద కళాకారుడు వాడి లెక్కలోకి రాలేదు. నేను చెప్పిన పేరు సకిని రామచంద్రయ్య. "ఆయన పద్మశ్రీ డోలాయన కద సార్, మల్టీమీడియా ఎట్లయితడు?" అన్నాడు. ఆ ప్రశ్నకు ఆ రోజు చెప్పిన జవాబును మరికొంచెం పెంచి ఇక్కడ రాస్తున్నాను. ఆ పిల్లవాడి లాంటి ప్రశ్న మన బడుల్లో, హాస్టళ్లలో ఇంకా చాలామంది మనసుల్లో ఉంది కాబట్టి.

మాట కొత్తది, పని పాతది

మల్టీమీడియా అనే మాట అంత పాతదేమీ కాదు. 1966లో బాబ్ గోల్డ్‌స్టైన్ అనే అమెరికా కళాకారుడు వెలుగులు, సంగీతం కలిపి చేసిన తన ప్రదర్శనకు ప్రచారం కోసం ఆ మాట వాడాడు. అంతకు మూడేళ్ల ముందే, 1963లో, కొరియాలో పుట్టిన నామ్ జూన్ పైక్ జర్మనీలో టీవీ పెట్టెలనే కళావస్తువులుగా మార్చి ప్రదర్శనకు పెట్టాడు. మన దేశంలో నళినీ మలానీ పారదర్శకమైన గుండ్రని స్తంభాల మీద బొమ్మలు వేసి, వాటిని తిప్పుతూ వాటిలోంచి వెలుగు పంపుతారు. గోడల మీద నీడలు కదులుతుంటే, వీడియో నడుస్తుంటే, ఎక్కడినుంచో ఒక గొంతు వినిపిస్తుంది. చూసేవాళ్లు ఆ గది మధ్యలో నిలబడి ఉంటారు. ఇవన్నీ గొప్ప పనులే. వాటిని తక్కువ చేయనక్కర లేదు.

అయితే ఈ పనులన్నిటిలో ఉన్న లక్షణం ఏమిటో ఒకసారి చూద్దాం. బొమ్మ, శబ్దం, మాట, వెలుగు, చూసేవాళ్లు నిలబడ్డ చోటు ఇవన్నీ కలిస్తేనే అది పూర్తవుతుంది. ఒక్కటి తీసేస్తే మిగిలింది ముక్కే అవుతుంది. మల్టీమీడియాకు ఇంతకంటే వేరే అర్థం లేదు. కంప్యూటర్ ఉండాలని అందులో ఎక్కడా లేదు.

ఈ కొలతతోనే కోయ డోలి కళను కొలిచి చూడండి.

పడిగె, డోలు, గొంతు

కోయ సమాజం గట్లుగా ఏర్పడి ఉంది. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అంటూ ఒక్కో గట్టుకు కొన్ని ఇంటిపేర్లు. పెళ్లి సంబంధాలు కలిసేదీ కలవనిదీ ఆ గట్టును బట్టే. ప్రతి గట్టుకూ వేల్పులున్నాయి. వేల్పుకు గుర్తు పడిగె. అది త్రిభుజాకారంలో ఉండే గుడ్డ జెండా. దాని మీద మనుషులు, జంతువులు, సూర్యచంద్రులు, ఆయుధాలు, వంశానికి సంబంధించిన గుర్తులు ఉంటాయి. బయటివాళ్లకు అది రంగుల గుడ్డ. తెలిసినవాళ్లకు అదొక గ్రంథం. ఏ తల్లి ఎక్కడి నుంచి వచ్చింది, ఏ వీరుడు ఏ వాగు దాటాడు, ఏ ఇంటిపేరు ఏ గట్టులోకి ఎట్లా చేరింది అన్నది ఆ బొమ్మల్లో ఉంది.

ఆ గ్రంథాన్ని చదవగలిగేవాళ్లు డోలీలు. డోలి కోయలు మిగతా కోయలకు చరిత్రకారులు, పురోహితులు, గాయకులు. వేల్పు కొలుపులో, జాతరలో, పెళ్లిలో, చావులో వాళ్లు ఉండాలి. వాళ్ల చేతిలో పెద్ద డోలు, పక్కన కంచు తాళాలు, ఊదే కొమ్ము ఉంటాయి. పడిగె విప్పుతారు. పెద్ద డోలి కథ ఎత్తుకుంటాడు. పక్కవాళ్లు అందుకుంటారు. డోలు నడక మారితే కథలో సందర్భం మారిందని కూర్చున్నవాళ్లకు తెలిసిపోతుంది. యుద్ధానికి ఒక దరువు, వేల్పును పిలవడానికి ఒక దరువు. అప్పుడు ఆ గుడ్డ మీది బొమ్మ కదలదు గానీ చూసేవాళ్ల మనసులో కదులుతుంది. వింటున్నవాళ్లు ప్రేక్షకులు కూడా కాదు. ఆ కథ వాళ్ల వంశానిది. వాళ్ల తాతల పేర్లు అందులో వస్తాయి.

బొమ్మ ఉంది, దరువు ఉంది, పాట ఉంది, మాట ఉంది, మొక్కు ఉంది, చోటు ఉంది. పాట లేకుండా పడిగె మూగది. పడిగె లేకుండా పాటకు సాక్ష్యం లేదు. ఇప్పుడు చెప్పండి, మల్టీమీడియా అంటే ఇంకేం కావాలి?

కూనవరం మనిషి

సకిని రామచంద్రయ్యది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరం. ఒకపక్క సింగరేణి బొగ్గు గనులు, ఇంకోపక్క గోదావరి, మధ్యలో కోయ పల్లెలు ఉన్న ప్రాంతమది. గనులు వచ్చాక బయటి ఊళ్ల నుంచి జనం వచ్చారు, తెలుగు పెరిగింది, పిల్లలు కోయ మాట్లాడడం తగ్గింది. ఆ మార్పుల మధ్యనే ఆయన కోయ భాషలో పాడుతూ బతికాడు.

ఇది బడిలో నేర్చుకునే విద్య కాదు. డోలి ఇంట్లో పుట్టి, పెద్దల వెనక డోలు మోస్తూ, తాళం వేస్తూ, రాత్రుళ్లు కథ వింటూ నేర్చుకోవాలి. పుస్తకం లేదు, నోటే పుస్తకం. ఒక కథకు గంటలు పడుతుంది. ఇట్లాంటి కథలు ఆయనకు ఎన్నో వచ్చు. సమ్మక్క సారలమ్మలతో పాటు గిరికామరాజు, పగిడిద్దరాజు, ఇరమరాజు, గాదిరాజు, నాగులమ్మ, సదలమ్మ వంటి వీరుల, వేల్పుల చరిత్రలు ఆయన పాడేవాడు. వాటిని కోయలోనూ తెలుగులోనూ చెప్పగలిగేవాడు.

ఈ రెండు భాషల సంగతి దగ్గర కాస్త ఆగుదాం. ఒక కథను ఒక భాషలో కంఠస్థం చేయడం వేరు, రెండు భాషల్లో అప్పటికప్పుడు కట్టి పాడడం వేరు. కోయ తెలియని జనం ముందు కూర్చున్నప్పుడు ఆయన తెలుగులోకి మారతాడు. దరువు చెడకూడదు, వంశక్రమం తప్పకూడదు, అర్థం జారకూడదు. అనువాదం చేసేవాళ్లు బల్ల ముందు కూర్చుని, నిఘంటువు పెట్టుకుని చేసే పనిని ఆయన డోలు కొడుతూ చేశాడు. కంచు మేళం, డోలు, కథ మూడూ కలిపి ఇంత నిండుగా చెప్పగలిగినవాళ్లు తక్కువమంది మిగిలిన కాలంలో ఆయన ఆ పని చేశాడు.

మేడారం కథను ఎవరు చెప్పాలి?

రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి ములుగు జిల్లా మేడారంలో జాతర జరుగుతుంది. 1996లో ప్రభుత్వం దాన్ని రాష్ట్ర పండుగగా గుర్తించింది. కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు గద్దెలకు చేరతారు. చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో సమ్మక్క వస్తుంది. ఈ తతంగమంతా కోయ పూజారులదే.

జాతర పెద్దదైన కొద్దీ కథ చెప్పేవాళ్లు కూడా పెరిగారు. సినిమాలు, సీడీలు, బుర్రకథలు, గోడ బొమ్మలు, ఇప్పుడు యూట్యూబ్ వీడియోలు వచ్చాయి. అందరూ చెప్పే కథ దాదాపు ఒకటే. అడవిలో పులుల మధ్య దొరికిన పాప, పగిడిద్దరాజుతో పెళ్లి, కరువు, కప్పం కట్టలేమన్న కోయలు, కాకతీయ ప్రతాపరుద్రుని సేనలు, సంపెంగ వాగు దగ్గర యుద్ధం, వాగులో ప్రాణం విడిచిన జంపన్న, చిలకలగుట్ట వైపు నడిచి మాయమైన సమ్మక్క. మనందరికీ ఈ కథ తెలుసు. చాలామందికి ఇది మాత్రమే తెలుసు.

డోలీ చెప్పే కథకు తీరు వేరు. అది వంశంతో మొదలవుతుంది. ఏ గట్టు, ఏ ఇంటిపేరు, ఏ తల్లి, ఏ ఊరు అన్నది ముందు రావాలి. యుద్ధం అందులో ఒక ఘట్టం మాత్రమే. బయటివాళ్లు చెప్పే కథలో సమ్మక్క ఒక రాజ్యం మీద తిరగబడ్డ వీరనారి. డోలీ కథలో ఆమె అంతకంటే ముందు ఒక వంశపు ఆడబిడ్డ, చుట్టరికాలున్న మనిషి. మొదటి కథ మనకు గర్వాన్నిస్తుంది. రెండో కథ మనకు చరిత్రను ఇస్తుంది. కోయలు ఎక్కడెక్కడ నివసించారు, ఎవరితో వియ్యమందారు, ఏ దారుల్లో వలస పోయారు అన్న సంగతులు రెండో కథలోనే దొరుకుతాయి. శాసనం లేని జాతికి ఇదే శాసనం.

ఆచార్య జయధీర్ తిరుమలరావు, ఆయనతో పనిచేసిన పరిశోధకులు రామచంద్రయ్య వంటి డోలీల దగ్గరికి వెళ్లింది ఇందుకే. వాళ్లు పడిగెలను చూశారు, పాడించుకున్నారు, రికార్డు చేశారు. డోలీలు చెప్పిన సమ్మక్క సారలమ్మల కథ పుస్తకంగా వచ్చింది. పడిగె మీద బొమ్మగా, నోట్లో పాటగా ఉన్నది మొదటిసారి అచ్చు అక్షరమైంది. అప్పటిదాకా కోయల గురించి రాసిన పుస్తకాలు చాలావరకు బయటివాళ్లు చూసి రాసినవి. కోయ డోలీ తానే చెప్పిన చరిత్ర పుస్తకం కావడం వేరే సంగతి.

పద్మశ్రీ వచ్చాక

2022 గణతంత్ర దినోత్సవం ముందు రోజు పద్మ పురస్కారాల జాబితా వచ్చింది. కళల విభాగంలో తెలంగాణ నుంచి కిన్నెర మొగిలయ్య, కూచిపూడి నర్తకి గడ్డం పద్మజారెడ్డితో పాటు రామచంద్రయ్య పేరు ఉంది. అంతకు ముందు ఏడాది, 2021లో, ఆసిఫాబాద్ జిల్లా మార్లవాయికి చెందిన గుస్సాడీ కళాకారుడు కనకరాజుకు పద్మశ్రీ వచ్చింది. వరసగా రెండేళ్లు ఇద్దరు ఆదివాసీ కళాకారులను దేశం గుర్తించింది. ఆ ఫిబ్రవరిలోనే మేడారం జాతర. అప్పటి రాష్ట్ర ప్రభుత్వం రామచంద్రయ్యకు కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది.

ఆ రోజుల్లో పట్నంలో నా చుట్టూ ఉన్నవాళ్లు ఆ కోటి గురించి మాట్లాడుకున్నంతగా ఆయన పాట గురించి మాట్లాడుకోలేదు. మనవాళ్లు కూడా అంతే. ఫొటోలు స్టేటస్‌లో పెట్టుకున్నాం. ఒక్క కథనైనా మొదటి నుంచి చివరి దాకా కూర్చుని విన్నవాళ్లం ఎంతమందిమి? ఈ తప్పులో నాకూ వాటా ఉంది.

మా మచ్చ బొల్లారానికి పక్కనే బొల్లారంలో రాష్ట్రపతి నిలయం ఉంది. 1860లో కట్టిన భవనం, ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెంటు విడిది. 2023లో ఆదివాసీ బిడ్డ అయిన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము దాని తలుపులు ఏడాది పొడవునా జనం కోసం తెరిపించారు. నేను బడి పిల్లలను తీసుకుపోయినప్పుడు గేటు దగ్గర ఒక పాప అడిగింది, "పద్మశ్రీ ఇచ్చేది ఈడనేనా సార్?" అని. ఇక్కడ కాదమ్మా, ఢిల్లీలో రాష్ట్రపతి భవన్‌లో అని చెప్పాను. ఆ పాప అడిగినదాంట్లో ఒక నిజముంది. పురస్కారం ఇచ్చే చోటు మనకు తెలుస్తోంది. కళ పుట్టిన చోటు తెలియడం లేదు.

ముక్కలైతే ఏమవుతుంది?

ఇక్కడ ఇంకో కళాకారుడి గురించి చెప్పాలి. మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ ఊరి జన్‌గఢ్ సింగ్ శ్యామ్. ఆయన పర్ధాన్ కులస్థుడు. పర్ధానులు గోండులకు కథలు పాడేవాళ్లు. మన ఆదిలాబాద్‌లో పర్ధానులు కిక్రి వాయిస్తూ గోండుల వీరగాథలు పాడినట్టే, అక్కడ వాళ్లు బానా వాయిస్తారు. 1980ల మొదట్లో చిత్రకారుడు జగదీశ్ స్వామినాథన్ పంపిన బృందం జన్‌గఢ్ బొమ్మలు చూసి ఆయన్ను భోపాల్‌లోని భారత్ భవన్‌కు తీసుకువచ్చింది. పాటలో ఉన్న దేవుళ్లు, జంతువులు ఆయన చేతిలో చుక్కలుగా, గీతలుగా కాగితం మీదికి దిగాయి. 1989లో ప్యారిస్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనలో ఆయన బొమ్మలు ఉన్నాయి. ఇవాళ గోండు బొమ్మలు అని ప్రపంచమంతా కొనుక్కుంటున్న శైలి ఆయనతో మొదలైంది. కానీ 2001లో జపాన్‌లో ఒక మ్యూజియం కోసం పనిచేస్తూ, ఇంటికి దూరంగా, అక్కడే ఆయన ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి నలభై ఏళ్లు కూడా నిండలేదు.

జన్‌గఢ్ దారి తప్పని నేను అనను. ఆయన వల్ల ఎన్నో పర్ధాన్ కుటుంబాలు కుంచె పట్టి బతుకుతున్నాయి. కొత్త మాధ్యమం పట్టుకునే హక్కు మనకుంది. కానీ బొమ్మకు గిరాకీ ఉంది, బానా పాటకు లేదు అన్నప్పుడు ఏం జరుగుతుందో గమనించండి. కొనేవాళ్లకు కావలసిన ముక్క బతుకుతుంది, మిగతాది పల్లెలో ఒంటరిగా మిగిలిపోతుంది.

డోలి కళకు కూడా ఈ ప్రమాదమే ఉంది. పడిగె మ్యూజియం అద్దాల పెట్టెలోకి వెళ్తే, దాని కింద "గిరిజన జెండా" అని ఒక చీటీ ఉంటుంది. డోలు స్టేజి మీదికి వెళ్తే, మంత్రిగారు వచ్చేదాకా అయిదు నిమిషాలు వాయించమంటారు. పాట యూట్యూబ్‌లోకి వెళ్తే, కింద పాడినవారి పేరే ఉండదు. మూడూ బతికినట్టే కనబడతాయి. కలిసి ఉన్నప్పుడు అవి చెప్పే చరిత్ర మాత్రం పోతుంది. రామచంద్రయ్య గొప్పతనం ఇక్కడే ఉంది. ఆయన ఈ మూటను విప్పి ముక్కలుగా అమ్మలేదు. అరవై ఏళ్ల వయసుకు పేరు వచ్చేదాకా ఆ మూటను అట్లాగే మోశాడు.

2024 జూన్‌లో ఆయన చనిపోయాడు. ఆ అక్టోబరులో కనకరాజు కూడా వెళ్లిపోయాడు. నాలుగు నెలల తేడాలో గోదావరి వైపు ఒక గొంతు, ఆదిలాబాద్ కొండల్లో ఒక అడుగు ఆగిపోయాయి.

ఫోన్ ఉన్న చేతులకు ఒక మాట

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, టీచర్ మిత్రులారా, ఇప్పుడు మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. వాటికి పెద్ద డబ్బు అక్కర లేదు.

మీ ఊళ్లో డోలి, పర్ధాన్, తోటి, నాయకపోడు కథకులు ఎవరున్నారో ముందు వెళ్లి కూర్చోండి. కెమెరా తర్వాత తీయవచ్చు. వేల్పు కుటుంబం, పూజారి అనుమతి లేకుండా పడిగెను చిత్రించవద్దు. కొన్ని అందరికీ చూపించేవి కావు, ఆ హద్దును మనమే పాటించకపోతే ఇంకెవరు పాటిస్తారు? రికార్డు చేస్తే మొత్తం చేయండి. బొమ్మ, దరువు, పాట, మధ్యలో ఆయన చెప్పే మాట, పక్కన ముసలమ్మ అందించే సవరణ, అన్నీ ఉండాలి. రీల్ కోసం ముప్పై సెకన్లు కత్తిరించుకోండి, కానీ మూడు గంటలదీ దాచండి. పాడినవారి పేరు, ఊరు, తేదీ రాయండి. ఆయనకు ఇవ్వాల్సిన డబ్బు ఇవ్వండి. ఒక కాపీ ఆ ఇంట్లోనే ఉంచండి. కోయలో పాడినదాన్ని తెలుగు లిపిలో రాసి, పక్కన అర్థం రాయండి. ఆశ్రమ పాఠశాలల్లో టీచర్లు వారానికి ఒక గంట దానికి ఇవ్వగలిగితే, పిల్లలు తమ చరిత్ర పాఠాన్ని తామే తయారు చేసుకుంటారు.

అన్నిటికంటే కష్టమైనది ఒకటుంది. మనలో కొందరైనా డోలు పట్టాలి. రికార్డింగు దాచుతుంది, కానీ పాడదు. కొత్తగా పుట్టిన బిడ్డ పేరును వంశక్రమంలో చేర్చి పాడగలిగేది మనిషి మాత్రమే.

ఆ పిల్లవాడు తన వ్యాసాన్ని రామచంద్రయ్య మీదే రాస్తానన్నాడు. ఇన్‌స్టిట్యూట్‌లో ఒప్పుకుంటారో లేదోనని కొంచెం సందేహపడ్డాడు. ఒప్పుకోకపోతే నీ వాదన నువ్వు చెప్పు, మల్టీమీడియా అంటే ఏమిటో వాళ్లనే అడుగు అన్నాను. తర్వాత మా వరండాలోనే నిలబడి ఊరికి ఫోన్ చేశాడు. "తాతా, మన వేల్పు పడిగె ఎవరింట్ల ఉంది? దాని మీద బొమ్మలు ఏంటియి?" అని అడిగాడు. అవతల తాత ఏమన్నాడో నాకు వినబడలేదు. ఫోన్ పెట్టేశాక చెప్పాడు.

"ఫోన్ల చెప్పేది కాదంట సార్. వచ్చి కూసోమన్నడు."